పత్తి గింజ మీద గుత్త

గుత్త అనే మాట తెలుగు పల్లెలకు కొత్తది కాదు. ఊరి చెరువులో చేపలు పట్టే హక్కునో, గట్టు మీది చింతచెట్ల కాపునో వేలంలో ఎక్కువకు పాడినవారికి ఏడాదికో రెండేళ్లకో అప్పగిస్తే దాన్ని గుత్త అంటారు. ఆ గడువు తీరేదాకా ఆ చెరువులో మరొకరు వల వేయడానికి లేదు. ఒక సరుకు మీద ఒకే వ్యాపారి పట్టు బిగిసిన స్థితికి గుత్తాధిపత్యం అనే పేరును ఈ మాటతోనే కట్టారు గానీ, రెండింటికీ ఒక తేడా ఉంది. గుత్తదారుకు హక్కు ఇచ్చింది ఊరే కాబట్టి దాని హద్దులు కూడా ఊరే గీస్తుంది. మార్కెట్లో పెద్దదైన కంపెనీకి ఆ పెద్దరికం ఎవరూ వేలంలో ఇచ్చినది కాదు, సరుకు మేలైనది కావడం వల్లనో, పోటీకి ఎవరూ దిగకపోవడం వల్లనో, చేతిలో పేటెంటు ఉండటం వల్లనో వచ్చినది. అలా వచ్చిన పెద్దరికాన్ని భారతదేశపు పోటీ చట్టం తప్పు పట్టదు. దాన్ని ఆసరా చేసుకుని ఎదుటివారిని నలిపేయడాన్ని మాత్రమే తప్పు అంటుంది. 2002లో వచ్చిన ఆ చట్టంలోని 4వ సెక్షన్ 'ఆధిపత్య స్థాన దుర్వినియోగం' అని పేరు పెట్టింది దీనికే.

ఈ సెక్షన్ పేరెత్తితే ఇప్పుడు చాలామందికి గుర్తుకొచ్చేది గూగుల్. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లన్నింటినీ కట్టగా ఎక్కించక తప్పని షరతులు పెట్టినందుకు 2022 అక్టోబరులో ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ ఆ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అయితే అంతకుముందే తెలుగు నేల మీద పుట్టి, దాదాపు 20 ఏళ్లపాటు హైదరాబాదుకూ ఢిల్లీకీ మధ్య తిరిగి, తప్పొప్పులు తేలకుండానే ముగిసిపోయిన తగాదా ఒకటి ఉంది. అది బీటీ పత్తి విత్తనాల మీద వసూలైన రాయల్టీ గురించినది. ఆధిపత్యాన్ని ఎలా గుర్తుపట్టాలి, అన్యాయమైన ధర అని దేన్ని అనాలి, పేటెంటు ఉన్నవారిని పోటీ చట్టం ప్రశ్నించగలదా అనే మూడు చిక్కుముడులూ ఒకే గింజలో ఇమిడి ఉన్న వివాదం అది.

450 గ్రాముల ప్యాకెట్

1997-98 సీజన్లో లద్దె పురుగు విరుచుకుపడి వరంగల్ జిల్లా పత్తి రైతులు కుప్పకూలిన తరువాత, ఎన్ని మందులు కొట్టినా చావని పురుగుకు విరుగుడు ఏదైనా ఉంటే చాలునన్న స్థితిలో పల్లెలు ఉండగా, 2002 మార్చిలో కేంద్రం మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువును పత్తి మొక్కలోకి ఎక్కిస్తే, ఆ మొక్కను తిన్న కాయతొలుచు పురుగు చస్తుందనేది బీటీ పరిజ్ఞానం సారం. అది అమెరికా కంపెనీ మోన్‌శాంటోది. ఇక్కడ దాన్ని విత్తన కంపెనీలకు లైసెన్సు మీద ఇచ్చేది మోన్‌శాంటో, ఇక్కడి విత్తన కంపెనీ మహికో కలిసి పెట్టిన మహికో మోన్‌శాంటో బయోటెక్.

రైతు చేతికి వచ్చే ప్యాకెట్‌లో 450 గ్రాముల బీటీ గింజలు, వాటితోపాటు 120 గ్రాముల మామూలు గింజల చిన్న పొట్లం ఉండేవి. ఆ చిన్న పొట్లాన్ని చేను చుట్టూ వరసలుగా వేస్తే కొన్ని పురుగులు అక్కడ బతికి, బీటీని తట్టుకోవడం నేర్చిన పురుగులతో జతకట్టి, ఆ తట్టుకునే గుణాన్ని పలచన చేస్తాయని శాస్త్రవేత్తల లెక్క. చాలామంది రైతులు దాన్ని విత్తకుండా పక్కన పడేశారు. ఇక పెద్ద సంచిలోని గింజల్లో మంచి వాటా గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల చేలల్లో పండినదే. హైబ్రిడ్ గింజ కావాలంటే మధ్యాహ్నం పూట ఆడ మొక్కల మొగ్గలను ఒక్కొక్కటిగా విప్పి పుప్పొడి తిత్తులను గోటితో గిల్లి తీసేయాలి, మరునాటి పొద్దున మగ మొక్కల పువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఆ ప్రాంతంలో క్రాసింగ్ అని పిలిచే ఈ పని నెలల తరబడి కూలీల వేళ్ల మీద నడుస్తుంది.

మామూలు హైబ్రిడ్ పత్తి విత్తనం నాలుగైదు వందల రూపాయలకు దొరికే ఆ రోజుల్లో బీటీ ప్యాకెట్ ధర 1,600 నుంచి 1,850 రూపాయల దాకా పలికింది. 1,850 రూపాయల్లో 1,250 రూపాయలు 'ట్రెయిట్ వాల్యూ' కింద, అంటే పురుగును తట్టుకునే లక్షణానికి కట్టిన వెల కింద, విత్తన కంపెనీ ద్వారా మహికో మోన్‌శాంటోకు చేరేవి. గింజ పండించిన రైతు, క్రాసింగ్ చేసిన కూలీ, శుద్ధి చేసి సంచి కట్టిన కంపెనీ, అమ్మిన డీలరు అందరూ మిగిలిన 600 రూపాయల్లో సర్దుకోవాలి. ఇది గాక లైసెన్సు తీసుకునే ప్రతి కంపెనీ తిరిగిరాని 50 లక్షల రూపాయలు ముందే కట్టాలి. ఇక్కడ మరో విశేషం ఉంది. బోల్‌గార్డ్-1 అని పిలిచిన ఆ మొదటి జన్యువుకు భారతదేశంలో పేటెంటే లేదు. రాయల్టీ వసూలుకు ఆధారం లైసెన్సు ఒప్పందమే తప్ప పేటెంటు కాదు.

ఈ లెక్కను పట్టుకుని 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్‌ను ఆశ్రయించింది. వ్యవసాయ కమిషనరుగా పూనం మాలకొండయ్య ఉన్న కాలమది. గుత్తాధిపత్యాన్నీ, వ్యాపారంలో అడ్డుకట్టల పద్ధతులనూ అదుపు చేయడానికి 1969లో చేసిన చట్టం కింద పనిచేసిన ఆ కమిషన్‌కు, ఇప్పటి కమిషన్‌లా కోట్లలో జరిమానా వేసే అధికారం లేదు; ప్రధానంగా పద్ధతి మానుకోమని చెప్పగలదు. అయినా ఒక రాష్ట్ర ప్రభుత్వం రైతు తరఫున ఒక బహుళజాతి సంస్థ ధరను సవాలు చేస్తూ ఆ గడప తొక్కడం చిన్న విషయం కాదు. చైనాలో ఇదే పరిజ్ఞానానికి నామమాత్రపు రుసుము తీసుకుంటూ ఇక్కడ ఇంత పిండటం ఏమిటన్నది ప్రభుత్వ వాదన. 2006 మే నెలలో కమిషన్ ఆ వాదనతో ప్రాథమికంగా ఏకీభవించి, రుసుమును సహేతుకమైన స్థాయికి తగ్గించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ ధర 750 రూపాయలకు మించరాదని ప్రకటించింది. కంపెనీ సుప్రీంకోర్టు మెట్లెక్కినా వెంటనే స్టే దొరకలేదు. చూస్తుండగానే ఇతర పత్తి రాష్ట్రాలు కూడా అదే బాట పట్టాయి. ఆ తరువాత నిత్యావసర సరుకుల జాబితాలోంచి పత్తి విత్తనం జారిపోతే, ధర కట్టే అధికారం చేజారకుండా ఆంధ్రప్రదేశ్ 2007లో పత్తి విత్తనాలకే ప్రత్యేకంగా ఒక చట్టం చేసుకుంది.

ధర సగానికంటే కిందికి దిగినా బీటీ విత్తనం అంగడిలోంచి మాయం కాలేదు. కంపెనీ దేశం విడిచి పోలేదు. పైగా 2006లోనే రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2ను విడుదల చేసింది, పదేళ్లు తిరగకుండానే దేశంలో బీటీ పత్తి విస్తీర్ణం కోటి హెక్టార్లు దాటింది. పాత ధరలో ఎంత గాలి ఉందో చెప్పడానికి ఏ ఆర్థికవేత్త నివేదికా దీనికంటే బలమైన సాక్ష్యం కాదు. అయితే సాక్ష్యం వేరు, తీర్పు వేరు. ఆ పాత కమిషనే 2009లో రద్దయిపోయింది.

ఎక్కువ ధర అంటే ఎంత

ఎం.ఆర్.టి.పి. చట్టం పరిమాణాన్ని చూసి అనుమానించేది. ఒక వ్యాపార సంస్థ ఆస్తులు ఫలానా కోట్లు దాటాయంటే దాని మీద కన్ను పడేది, విస్తరించడానికి అనుమతి కావలసి వచ్చేది. 1991 సంస్కరణలతో ఆ భాగం పోయింది. 2009 మే 20న అమల్లోకి వచ్చిన కొత్త 4వ సెక్షన్ పరిమాణాన్ని వదిలి ప్రవర్తనను పట్టుకుంది. పోటీ ఒత్తిళ్లతో పని లేకుండా తన ఇష్టం వచ్చినట్లు నడుచుకోగల బలం, లేదా పోటీదారులనూ వినియోగదారులనూ తనకు అనుకూలంగా వంచగల బలం ఉంటే అది ఆధిపత్యం. అన్యాయమైన లేదా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండే ధరలూ షరతులూ పెట్టడం, ఉత్పత్తినో సాంకేతిక అభివృద్ధినో అడ్డుకోవడం, ఎదుటివారిని మార్కెట్లోకి రానివ్వకపోవడం, ఒకటి కావాలంటే సంబంధం లేని మరొకటి కూడా ఒప్పుకోమనడం, ఒక మార్కెట్లోని బలంతో ఇంకో మార్కెట్లోకి చొరబడటం ఆ బలాన్ని దుర్వినియోగం చేయడం కిందికి వస్తాయి. రుజువైతే గత మూడేళ్ల సగటు టర్నోవరులో పది శాతం దాకా జరిమానా పడవచ్చు.

ఆధిపత్యం ఎక్కడ అన్నది తేల్చడానికి ముందుగా 'సంబంధిత మార్కెట్' హద్దులు గీయాలి. చెరువు గుత్తదారు చేపల ధర పెంచితే ఊరివారు పక్కూరి సంతకు పోగలరా, పోలేకపోతే చేప మాని కోడికూర వండుకుని సరిపెట్టుకోగలరా అని అడగడం లాంటిదే ఇది. మొదటిది భౌగోళిక మార్కెట్, రెండోది సరుకు మార్కెట్. విత్తనాల దుకాణంలో నిలబడి చూస్తే పత్తి మార్కెట్‌లో పోటీకి కొదవ ఉన్నట్లు తోచదు. గోడ నిండా రకరకాల కంపెనీల రంగురంగుల ప్యాకెట్లు, ఒక్కో దాని మీద కాయలతో విరగబడిన మొక్క బొమ్మ, ఒక్కో దానికి ఒక్కో గంభీరమైన పేరు. కానీ దేన్ని చేతిలోకి తీసుకున్నా దాని మీద అదే బోల్‌గార్డ్ ముద్ర కనబడుతుంది. కాలువలు ఎన్ని ఉన్నా తూము ఒక్కటే. బోల్‌గార్డ్‌కు దీటుగా ఐఐటీ ఖరగ్‌పూర్ జన్యువుతో హైదరాబాదుకు చెందిన జేకే అగ్రి జెనెటిక్స్ తెచ్చిన పరిజ్ఞానానికీ, చైనా జన్యువుతో నాథ్ సీడ్స్ తెచ్చినదానికీ 2006లోనే అనుమతి వచ్చినా అవి నిలదొక్కుకోలేదు. అందుకే కాంపిటీషన్ కమిషన్ తరువాతి రోజుల్లో విత్తనాల అమ్మకాన్ని కాకుండా, దానికి పైమెట్టున ఉన్న బీటీ పరిజ్ఞానపు సరఫరాను ప్రత్యేక మార్కెట్‌గా తీసుకుంది. లైసెన్సు ఇచ్చే సంస్థ భాగస్వామి మహికో తాను కూడా విత్తనాలు అమ్మేదే కాబట్టి, అది తన పోటీదారులకే ముడిసరుకు ఇచ్చే స్థానంలో ఉందని గమనించడం కూడా అవసరమైంది.

హద్దులు గీయడం కంటే కష్టమైనది ధరను తూచడం. తక్కువ ధర విషయంలో కొలబద్ద కొంత సులువు. ఖర్చు కంటే కిందికి దిగి అమ్ముతూ పోటీదారును వెళ్లగొడితే తప్పు. కరెన్సీ డెరివేటివ్‌ల లావాదేవీలకు అసలు రుసుమే వసూలు చేయకుండా పోటీ ఎక్స్ఛేంజీని దెబ్బతీసిందని 2011లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీకి కమిషన్ 55.5 కోట్ల జరిమానా వేయగలిగింది. ఎక్కువ ధర దగ్గరికి వచ్చేసరికి కొలబద్ద జారిపోతుంది. ఐరోపా న్యాయస్థానం 1978లో యునైటెడ్ బ్రాండ్స్ అనే అరటిపండ్ల కంపెనీ కేసులో, సరుకు ఆర్థిక విలువతో పొంతన లేని ధర దుర్వినియోగమే అవుతుందని సూత్రం చెప్పింది గానీ, ఆ కంపెనీ ఉత్పత్తి ఖర్చు ఎంతో అధికారులు రుజువు చేయలేదంటూ ధరకు సంబంధించిన అభియోగాన్ని కొట్టేసింది. అరటిపండుకే ఇంత చిక్కు ఉంటే జన్యువు సంగతి చెప్పనక్కరలేదు. కొన్నేళ్ల పరిశోధనకు అయిన ఖర్చంతా ఒక్కసారే అవుతుంది. ఆ తరువాత ఆ జన్యువును కోట్ల గింజల్లోకి నకలు తీసేది గద్వాల చేలల్లోని మొక్కలే, దానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు. గింజకు అయిన ఖర్చు చూస్తే ఏ రుసుమైనా ఎక్కువే, పరిశోధన ఖర్చు చూస్తే ఏ రుసుమైనా సమర్థనీయమే.

రెండు సీసీఐలు

పత్తి రైతుకు సీసీఐ అంటే కాంపిటీషన్ కమిషన్ కాదు, మద్దతు ధరకు పత్తి కొనే కాటన్ కార్పొరేషన్. మొదటి సీసీఐ గుమ్మంలోకి ఈ వ్యవహారం చేరింది మాత్రం రైతు పేరు మీదే. విత్తన కంపెనీలకూ మహికో మోన్‌శాంటోకూ రుసుము బకాయిల మీద తగాదా ముదిరి, 2015 నవంబరులో హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్, దాని గ్రూపు కంపెనీల లైసెన్సులను మహికో మోన్‌శాంటో రద్దు చేయడంతో ఆ కంపెనీలు కమిషన్‌ను ఆశ్రయించాయి. కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ కూడా విడిగా ఫిర్యాదు పంపింది. ఫిర్యాదుదారులను నిరుపేద బాధితులుగా చూపడం సరికాదు. నూజివీడు సీడ్స్ దేశంలో అతి పెద్ద పత్తి విత్తన కంపెనీల్లో ఒకటి, తగ్గిన ప్రతి రూపాయి రైతుకే చేరుతుందన్న హామీ ఏదీ లేదు. అయితే పెద్ద చేప ఫిర్యాదు చేసినంత మాత్రాన ఇంకా పెద్ద చేప మీది అభియోగం వీగిపోదు.

2016 ఫిబ్రవరి 10న కమిషన్ ఇచ్చిన ప్రాథమిక ఉత్తర్వులో ధర గురించిన మాటల కంటే షరతుల గురించిన మాటలే బరువైనవి. పోటీ పరిజ్ఞానంతో వ్యవహరించదలచిన లైసెన్సుదారు ఆ సంగతి ముందుగా తెలియజేయాలి. లైసెన్సు రద్దయితే ఆ జన్యువున్న విత్తనాలనూ వాటి తల్లిదండ్రుల వంగడాలనూ ధ్వంసం చేయాలి. తల్లిదండ్రుల వంగడం అంటే ఒక విత్తన కంపెనీ ఏళ్లకేళ్లు ఎంచి, పెంచి నిలుపుకున్న మూలధనం. బోల్‌గార్డ్‌ను అందులోకి ఎక్కించుకోవడానికి అయిదారు తరాలు పడుతుంది, తీసేసి ఇంకొకటి ఎక్కించుకోవడానికి మళ్లీ అన్ని తరాలు పడుతుంది. అలాంటప్పుడు రద్దు నోటీసు వచ్చే అవకాశం ఉన్న కంపెనీ ఏదైనా కొత్త పరిజ్ఞానం వైపు తల తిప్పి చూస్తుందా అన్నదే కమిషన్ సందేహం. ఈ షరతులు పోటీదారులకు దారి మూసేలా ఉన్నాయని ప్రాథమికంగా భావించి, తన దర్యాప్తు విభాగానికి అధిపతి అయిన డైరెక్టర్ జనరల్‌ను విచారణ జరపమని ఆదేశించింది.

అక్కడ పేటెంటు అడ్డం వచ్చింది. బోల్‌గార్డ్-2కు ఇక్కడ పేటెంటు ఉంది. లైసెన్సు షరతులు సహేతుకమా కాదా అన్నది పేటెంట్ల చట్టం కింద తేలవలసిన సంగతే గాని కమిషన్‌కు సంబంధం లేదని మోన్‌శాంటో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. పోటీ చట్టం 3వ సెక్షన్ మేధోసంపత్తి హక్కుదారులు తమ హక్కుల రక్షణకు పెట్టే సహేతుకమైన షరతులకు మినహాయింపు ఇచ్చిందే గాని, ఆధిపత్యాన్ని గురించిన 4వ సెక్షన్‌లో అలాంటి మినహాయింపు ఒక్క ముక్క కూడా లేదు; చట్టం రాసినవారు దాన్ని మరచిపోయారనుకోవడం కష్టం. 2020 మేలో ఏకసభ్య ధర్మాసనం రెండు చట్టాలూ ఒకదాని పక్కన ఒకటి నడవగలవని తేల్చింది. 2023 జూలైలో ద్విసభ్య ధర్మాసనం, ఎరిక్సన్ ఫోన్ పేటెంట్ల కేసుతో కలిపి విచారించి, పేటెంట్ల చట్టమే ఈ విషయంలో ప్రత్యేక చట్టమనీ, అసమంజసమైన షరతులకూ నిర్బంధ లైసెన్సులకూ అందులోనే ఏర్పాట్లు ఉన్నాయనీ చెప్పి విచారణను రద్దు చేసింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కమిషన్ అప్పీలును తోసిపుచ్చింది. అప్పటికి అసలు కక్షిదారులు రాజీపడి చాలాకాలమైంది. పేటెంటు చెల్లుబాటు మీద ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచిన మరో పోరు తెగకముందే 2019 నవంబరులో పేటెంటు గడువు తీరిపోయింది, మోన్‌శాంటోను కొనేసిన బేయర్‌తో 2021 మార్చిలో నూజివీడు సీడ్స్ సర్దుబాటు చేసుకుంది.

కోర్టుల్లో అధికార పరిధి గురించి వాదనలు నడుస్తుండగానే కేంద్రం ధర సంగతి తానే తేల్చేసింది. 2015 డిసెంబరులో పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2016 మార్చిలో బోల్‌గార్డ్-2 ప్యాకెట్‌కు 800 రూపాయలు కట్టి, అందులో ట్రెయిట్ వాల్యూను 49 రూపాయలకు కుదించింది. తరువాత అది 39 అయింది, 20 అయింది, 2020లో సున్నా అయింది. 2006 నాటి కోత పాత ధరలోని గాలిని బయటపెట్టింది. 2016 నాటి కోత అలాంటిది కాదు. ఏ లెక్క మీద 49 వచ్చిందో బయటివారికి తెలియదు, ఆ ఏడాదే గడ్డిమందును తట్టుకునే తరువాతి తరం పత్తి కోసం పెట్టుకున్న దరఖాస్తును మహికో వెనక్కి తీసుకుంది. ఇంతకంటే వింత మరొకటుంది. లైసెన్సు ఒప్పందాల నమూనాను ప్రభుత్వమే నిర్దేశిస్తూ 2016 మే 18న వెలువడిన మార్గదర్శకాలు వారం తిరగకముందే ముసాయిదాగా మారి అభిప్రాయ సేకరణ పేరుతో పక్కకు పోయాయి. షరతులను, అంటే అసలు ప్రవర్తనను, ముట్టుకున్న ప్రభుత్వ పత్రం అది. సంఖ్యను తగ్గించడం సంతకం పని. లైసెన్సుదారు చేతులు కట్టేసే నిబంధన న్యాయమా కాదా అని సాక్ష్యాలతో తేల్చడానికి పనికొచ్చే సాధనం పోటీ చట్టం, ఆ సాధనాన్ని వాడే అవకాశమే రాలేదు.

ఈలోగా పురుగు తన పని తాను చేసుకుపోయింది. బోల్‌గార్డ్-1ను గులాబీరంగు పురుగు తట్టుకుంటోందని గుజరాత్‌లోని కొన్ని జిల్లాల గురించి మోన్‌శాంటోనే 2010లో ప్రకటించింది, కొన్నేళ్లకే బోల్‌గార్డ్-2 కూడా దాని ముందు నిలవలేదు. 2025 సీజన్‌కు ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. వానాకాలం సాగు మొదలయ్యే రోజుల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పోలీసులు, వ్యవసాయాధికారులు కలిసి పట్టుకునేది మరో రకం విత్తనాన్ని: ఊళ్లలో బీజీ-3 అని పిలిచే, గడ్డిమందు కొట్టినా చావని పత్తి. దానికి మన దేశంలో ఏ ప్రభుత్వమూ అనుమతి ఇవ్వలేదు. ఆ సంచి మీద బోల్‌గార్డ్ ముద్ర ఉండదు, ట్రెయిట్ వాల్యూ ఉండదు, చాలాసార్లు కంపెనీ పేరు కూడా ఉండదు.